శొంఠి కషాయం నుంచి కుక్కకాటు మీద కారం దాకా: ఇంటి మందులు ఏడ పనికొస్తయి, ఏడ ఎదురు తిరుగుతయి

క్లుప్తంగా: సర్ది, మామూలు దగ్గు దానంతట అదే తగ్గిపోయే జబ్బులు. కషాయం, తేనె, ఉప్పునీళ్లు ఆ తగ్గేదాకా బాధను తేలిక చేస్తయి గాని రోజులను పెద్దగా తగ్గించవు. అదే వస్తువు మింగితే ఒక తీరు, ముక్కుకు పెడితే ఇంకో తీరు, తెరిచిన గాయంల పోస్తే మరో తీరు పనిచేస్తది, ప్రమాదం కూడా ఆ వరుసలనే పెరుగుతది. ఏడాది లోపు పిల్లలకు తేనె, పిల్లల ముక్కు దగ్గర కర్పూరం, కాలిన చోట పేస్టు, కుక్క కరిచిన చోట కారం, ఇవి మాత్రం ఏ లెక్కన చూసినా వద్దు.

సిరప్ మీద భయం, కషాయం మీద నమ్మకం

2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్ల మధ్యప్రదేశ్‌ల ఛింద్వాడా జిల్లాల దగ్గు సిరప్ తాగిన చిన్నపిల్లలు ఒకరి తర్వాత ఒకరు కిడ్నీలు పాడై చనిపోయిండ్రు, లెక్క 20 దాటింది. తమిళనాడుల తయారైన ఆ సిరప్‌ను టెస్ట్ చేస్తే డైఇథిలిన్ గ్లైకాల్ అనే ఫ్యాక్టరీ కెమికల్ 48 శాతానికి పైన తేలింది, ఉండాల్సిన లిమిట్ 0.1 శాతం. తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్లు కూడా ఆ బ్యాచ్ వాడొద్దని అలర్ట్ ఇచ్చిండ్రు. అదే టైంల, అక్టోబర్ 3న, కేంద్ర ఆరోగ్య శాఖ కింద ఉండే డీజీహెచ్ఎస్ అన్ని రాష్ట్రాలకు లెటర్ రాసింది: రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనే రాయొద్దు, ఐదేండ్ల లోపు వాళ్లకు కూడా మామూలుగా అయితే అవసరం లేదు అని.

ఈ రెండు వార్తలు ఒకేసారి రావడంతోటి జనం రెంటినీ కలిపేసుకున్నరు. సిరప్‌లు అన్నీ విషమే, పాతకాలం మందులే మేలు అన్న మాట హన్మకొండ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల నుంచి పల్లెల్ల అరుగుల దాకా తిరుగుతున్నది. నిజానికి ఇవి వేరే వేరే సంగతులు. ఛింద్వాడాల జరిగింది కల్తీ, అంటే మందును కరిగించడానికి వాడే ద్రావకం చోట్ల ఇంజన్ కూలెంట్‌లల్ల వాడే కెమికల్ వచ్చి చేరింది, టెస్ట్ చేయాల్సినోళ్లు చేయలేదు. డీజీహెచ్ఎస్ చెప్పింది మాత్రం కల్తీ లేని మంచి సిరప్ గురించి కూడా: చిన్నపిల్లల దగ్గుకు దానితోటి వచ్చే లాభం తక్కువ, సైడ్ ఎఫెక్ట్ రిస్క్ ఎక్కువ. ఇంతవరకు సరే. కాని సిరప్ వద్దంటే దానికి బదులు ఏదో ఒకటి పోయాల్సిందే అనుకోవడం దగ్గర గడబిడ మొదలైతది, వస కొమ్ము, ఆముదం, ఆకు పసరు, బ్రాందీ చుక్క అన్నీ మళ్లీ ఉగ్గుగిన్నెలకు వస్తయి.

తగ్గించింది మందా, రోజులా

సర్ది చేసే వైరస్‌లు 200కు పైన ఉన్నయి, అందుల ఎక్కువ భాగం రైనోవైరస్‌లు. పెద్దోళ్లకు ఏడాదికి రెండు మూడు సార్లు, బడికి పోయే పిల్లలకు ఆరేడు సార్లు రావడం మామూలే. రెండో రోజో మూడో రోజో బాధ బాగా ఎక్కువ ఉంటది, ఆ తర్వాత దిగుతది, వారం పది రోజులల్ల పోతది. మందేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని ఊళ్లల్ల నవ్వుకుంట చెప్పే మాట సైన్స్ లెక్కకు కూడా చానా దగ్గర.

మనిషి మందు కోసం ఎప్పుడు లేస్తడో చూస్తే అసలు కిటుకు అర్థమైతది. మొదటి రోజు ఎవ్వరూ పట్టించుకోరు. ముక్కు మూసుకపోయి, తల బరువెక్కి, రాత్రి నిద్ర పట్టని ఆ మూడో రోజే కషాయం మరిగిస్తరు, లేకపోతే ఆర్ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకుంటరు. ఎట్లాగూ తెల్లారి నుంచి దిగే టైమే కాబట్టి ఆ రోజు ఏం వాడితే దానికే పేరొస్తది. కషాయం తాగినోళ్లు కషాయం పనిచేసింది అంటరు, సూది వేయించుకున్నోళ్లు సూది పనిచేసింది అంటరు, అజిత్రోమైసిన్ మూడు గోలీలు మింగినోళ్లకు ఆ గోలీ మీద నమ్మకం కుదురుతది, వైరస్‌కు యాంటీబయాటిక్‌కు సంబంధమే లేకపోయినా.

దగ్గు విషయంల ఇది ఇంకా ఎక్కువ. సర్ది తర్వాత మిగిలిపోయే దగ్గు సగటున రెండున్నర వారాలు ఉంటదని పాత స్టడీలన్నీ కలిపి చూసిన రివ్యూల తేలింది, జనం మాత్రం వారంల పోవాలె అనుకుంటరు. ఆ నడుమ గ్యాప్‌లనే అక్కరలేని మందులన్నీ దూరుతయి. ఇంటి మందుకు ఉన్న పెద్ద విలువ కూడా ఈడనే ఉన్నది, అది రోగాన్ని తరిమేయకపోయినా ఆ పది పదిహేను రోజులు మనిషిని యాంటీబయాటిక్ దగ్గరికి, స్టెరాయిడ్ సూది దగ్గరికి పోకుండ ఆపుతది. డాక్టర్లు సుత ఈ కోణాన్ని తక్కువ మాట్లాడతరు.

సీతాఫలం తింటే సర్ది అయితది అన్న నమ్మకం కూడా క్యాలెండర్ తోటి ముడిపడ్డదే. సీతాఫలాలు పండేది వానలు వెనక్కి పోయి చలి మొదలయ్యే సెప్టెంబర్ నుంచి నవంబర్ నడుమ, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు రాత్రిళ్లు చల్లబడేది అప్పుడే, వైరస్‌లు తిరిగేది కూడా అప్పుడే. పండు పాపం సీజన్‌ది మోస్తున్నది. పాలు తాగితే కఫం పెరుగుతది అనే మాటను సర్ది వైరస్ ఎక్కించిన వాలంటీర్ల మీదనే పరీక్షించి చూసిండ్రు, తెమడ పెరగలేదు. పాలు ఉమ్మి తోటి కలిసి గొంతుల కొంచెం చిక్కగా అనిపిస్తయి, అంతే.

గొంతు దిగేవి: శొంఠి, మిరియాలు, పసుపు పాలు

శొంఠి, మిరియాలు, ఓమ, ఎల్లిగడ్డ, తులసి, బెల్లం. కొంచెం అటూ ఇటూగా ఉత్తర తెలంగాణల ఏ ఇంట్ల కషాయం పెట్టినా ఇవే. ఈ ఘాటైన వాటన్నింటికి కామన్‌గా ఒక పని ఉన్నది. మిరియాలల్ల పైపరిన్, అల్లంల జింజరాల్, మిరపకాయల క్యాప్సైసిన్, మూడూ నాలుక మీద, గొంతుల వేడిని గుర్తుపట్టే ఒకే రిసెప్టర్‌ను తట్టుతయి. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021ల నోబెల్ వచ్చింది ఈ రిసెప్టర్‌ను కనిపెట్టినందుకే. ఆ తట్టుడు తోటి ముక్కుల నీరు ఊరుతది, చిక్కబడ్డ చీమిడి పలచబడుతది, గొంతు వెచ్చగా అనిపిస్తది. మిరియాల చారు తాగినంక ముక్కు కారడం రోగం పెరగడం కాదు, అదే దాని పని.

శొంఠికి, పచ్చి అల్లానికి తేడా ఉన్నదని పెద్దోళ్లు చెప్పేది కూడా ఉత్త మాట కాదు. అల్లం ఎండినప్పుడు అందుల జింజరాల్స్ కొన్ని షోగాల్స్ అనేవిగా మారుతయి, వాటి ఘాటు ఎక్కువ. అందుకే చిటికెడు శొంఠి తోటి వచ్చే మంట చారెడు అల్లం తోటి రాదు.

ఇంకో ఆసక్తి కలిగించే సంగతి, కషాయంల ఏం వేసిండ్రు అన్నదాని కంటే అది వేడిగా ఉన్నదా అన్నదే సగం పని చేస్తది. బ్రిటన్‌ల కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్లు సర్ది ఉన్నోళ్లకు ఒకే పండ్ల డ్రింకును కొందరికి వేడిగా, కొందరికి మామూలుగా ఇచ్చి చూసిండ్రు. వేడిగా తాగినోళ్లకు గొంతు నొప్పి, చలి, నీరసం అప్పటికప్పుడు తేలికైనయి. ముక్కుల గాలి ఆడుడు కొలిస్తే మాత్రం రెండు గ్రూపుల తేడా లేదు. అంటే హాయి నిజమే, ముక్కు తెరుచుకున్నదన్న ఫీలింగ్ మాత్రం ఫీలింగే. నాటుకోడి సూప్ మీద కూడా ఇట్లాంటి ముచ్చట ఒకటి ఉన్నది: 2000ల అమెరికాల నెబ్రాస్కాల ఒక డాక్టర్ తన ఇంటి చికెన్ సూప్‌ను ల్యాబ్‌ల పరీక్షిస్తే వాపు దగ్గరికి పరుగెత్తే తెల్ల రక్తకణాల స్పీడ్ తగ్గింది. అది గాజు గిన్నెల జరిగింది, మనిషి ఒంట్ల కాదు. అయినా సర్ది పట్టినోని కంచంల వేడి వేడి నాటుకోడి పులుసు వేయనీకి ఎవ్వరూ స్టడీ కోసం ఆగరు.

పసుపు పాల లెక్క జర వేరే. పసుపుల అసలు పనిచేస్తది అని చెప్పుకునే కర్క్యుమిన్ ఉండేది సుమారు 3 శాతం. ఒక చెంచా పసుపుల అది వంద మిల్లీగ్రాములు కూడా ఉండదు, ఉన్నది కూడా నీళ్లల్ల కరగదు, పేగులల్ల నుంచి రక్తంలకు పోయేది చానా తక్కువ, పోయినదాన్ని లివర్ వెంటనే మార్చి బయటికి పంపిస్తది. పాలల్ల వెన్న ఉంటది కాబట్టి కొంచెం కరుగుతది. మిరియాలు దంచి వేస్తే పైపరిన్ ఆ లివర్ పనిని నెమ్మది చేస్తది, మనుషులల్ల కర్క్యుమిన్ అందేది 20 రెట్ల దాకా పెరిగిందని 1998ల బెంగళూరుల చేసిన స్టడీల వచ్చింది. పసుపు పాలల్ల మిరియాలు వేసే అలవాటు ఎవరు మొదలుపెట్టిండ్రో గాని లెక్క తప్పలేదు. కాకపోతే సున్నాకు దగ్గర ఉన్నదాన్ని 20 తోటి గుణిస్తే ఎంతొస్తది అన్నది కూడా ఆలోచించాలె.

పసుపు ముచ్చట వచ్చింది కాబట్టి కల్తీ గురించి ఒక మాట. 2025 జనవరిల నిజామాబాద్‌ల జాతీయ పసుపు బోర్డు మొదలైంది, ఆర్మూర్, మెట్‌పల్లి దిక్కు రైతు ఇంట్ల ఆడించుకున్న పసుపుకు ఢోకా తక్కువ. దేశంల కొన్ని చోట్ల మాత్రం పాలిష్ చేసేటప్పుడు రంగు కోసం లెడ్ క్రోమేట్ కలుపుతరు. అది సీసం, పిల్లల మెదడుకు చెరుపు చేస్తది. రోజూ పసుపు పాలు తాపేటోళ్లు కొమ్ములు కొని ఆడించుకునుడే నయం, అది కూడా మరీ నిగనిగలాడని కొమ్ములు.

అడ్డసరం ఆకు కథ ఇంకా బాగుంటది. కంచెల పొంటి పెరిగే ఈ చెట్టు ఆకులను మిరియాలు, బెల్లం తోటి కలిపి మరిగించి దగ్గుకు తాగుడు పాత పద్ధతి. ఆ ఆకుల ఉండే వాసిసిన్ అనే పదార్థాన్ని చూసే కెమిస్టులు బ్రోమ్‌హెక్సిన్ తయారుచేసిండ్రు, బ్రోమ్‌హెక్సిన్ ఒంట్ల మారితే వచ్చేదే ఆంబ్రాక్సాల్. ఇయ్యాల మెడికల్ షాపుల కఫం పలచబడడానికి ఇచ్చే సిరప్‌లల్ల సగం వాటి డబ్బా మీద ఈ పేర్లే ఉంటయి. కషాయమా, సిరప్పా అని కొట్లాడుకునేటోళ్లు ఒకే చెట్టు కింద నిలబడ్డట్టే. తేడా డోసు దగ్గర ఉన్నది: ఆకుల ఎంత ఉన్నదో చెట్టును బట్టి, కాలాన్ని బట్టి మారుతది, గర్భిణులు దాన్ని వాడొద్దు అనేది కూడా అందుకే, వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేటట్టు చేస్తది.

సహజం కాబట్టి ఎంత తాగినా ఏం కాదు అన్న మాట కరోనా టైంల బాగా తేలిపోయింది. 2020ల ఆయుష్ శాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి కషాయం రోజుకు ఒకటి రెండు సార్లు తాగమన్నది. జనం ఐదారు సార్లు తాగిండ్రు, కడుపుల మంట తోటి దవాఖానకు పోయిండ్రు. తిప్పతీగ విపరీతంగా తాగినోళ్లల్ల లివర్ దెబ్బతిన్న కేసులు 2021ల ముంబై డాక్టర్లు రిపోర్ట్ చేసిండ్రు, ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, ఆ వాదన ఇంకా తెగలేదు. ఇంట్ల ఎవ్వరికైనా కామెర్లు, లివర్ జబ్బు ఉంటే మాత్రం వాదన తెగేదాకా తిప్పతీగ జోలికి పోకపోవడమే తెలివి.

తేనె గెలిచింది, కాని ఒక షరతు మీద

ఇంటి మందులన్నింట్ల పెద్ద పెద్ద గైడ్‌లైన్లల్ల చోటు దొరికింది తేనెకే. బ్రిటన్‌ల డాక్టర్లకు గైడ్‌లైన్లు రాసే నైస్ అనే సంస్థ 2018ల మామూలు దగ్గుకు యాంటీబయాటిక్ కంటే ముందు తేనె వాడి చూడమని రాసింది. 2020ల ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అప్పటిదాకా వచ్చిన ట్రయల్స్‌ను కలిపి చూసి, దగ్గు ఎంత తరచుగా వస్తున్నది, ఎంత గట్టిగా వస్తున్నది అనే రెండు లెక్కలల్ల తేనె మామూలు మందుల కంటే కొంచెం మెరుగే అన్నరు. పిల్లలకు పండుకునే ముందు అర చెంచా ఇస్తే రాత్రి దగ్గు తగ్గి నిద్ర పడుతది. చిక్కగా గొంతుకు పట్టుకొని గరగరను ఆపుతది, తీపి వల్ల లాలాజలం ఊరుతది.

కాని ఏడాది లోపు పిల్లలకు నాలుకకు కూడా తాకించొద్దు. తేనెల క్లాస్ట్రిడియం బొటులినం అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దోళ్ల పేగులల్ల అవి మొలవవు, చంటిపిల్లల పేగులల్ల మొలిచి విషం తయారుచేస్తయి, పిల్ల మెత్తబడిపోతది, పాలు పీల్చలేదు, మలం రాదు, ఊపిరి కూడా ఆగొచ్చు. మరిగించి ఇస్తం అంటరు కొందరు, ఆ బీజాలు నీళ్లు మరిగే వేడికి చావవు. పుట్టంగనే నాలుక మీద తేనె రాసే ఆచారం ఈ లెక్కన చూస్తే బంద్ కావాల్సిందే.

ఏటూరునాగారం, ఉట్నూరు అడవులల్ల గిరిజనులు తీసే తేనెకు, షాపుల సీసాల వచ్చే తేనెకు ఏది అసలు అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. 2020 డిసెంబర్‌ల ఢిల్లీల సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్లను టెస్ట్ చేయిస్తే మూడు మాత్రమే అన్ని పరీక్షలల్ల పాసైనయి, మిగిలినవాటిల చక్కెర పాకం. దగ్గు వరకు చక్కెర పాకం కూడా కొంత గరగరను ఆపుతది, పైసలు మాత్రం తేనె లెక్కన పోతయి.

ఉప్పునీళ్ల పుక్కిలింత సంగతి సింపుల్, గొంతు వాపుల నుంచి కొంచెం నీరు లాగుతది, జిగురు కడుగుతది, ఖర్చు లేదు. 2019ల ఎడిన్‌బరాల చేసిన ఒక చిన్న ట్రయల్‌ల ఉప్పునీళ్లతోటి ముక్కు కడుక్కొని పుక్కిలించినోళ్లకు సర్ది సుమారు రెండు రోజులు ముందే పోయింది. ముక్కుల పోసే నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే ఉండాలె, కేరళల మెదడు తినే అమీబా కేసులు చూసినంక ఈ మాట చెప్పక తప్పదు.

బ్రాందీ చుక్క గురించి ఎక్కువ రాయాల్సిన పని లేదు. చంటిపిల్లకు చెంచా బ్రాందీ పోస్తే నిద్రపోతది, రక్తంల చక్కెర పడిపోతది, ఊపిరి నెమ్మదైతది. దగ్గు తగ్గిందనుకునేది అసలు మత్తు. వస కొమ్ము అరగదీసి పోసుడు, ఆముదం పోసుడు కూడా ఇదే ఖాతాల పడతయి. నూనె పొరపాటున ఊపిరితిత్తులల్లకు పోతే వచ్చే నిమోనియా తొందరగా తగ్గదు.

ముక్కు దగ్గరికి వచ్చేసరికి

ఆవిరి పట్టుడు అంటే గిన్నెల మరిగే నీళ్లు, అందుల పసుపో, జండూబామో, పైన దుప్పటి. కరోనాల ఇది ఇంటింటి డ్యూటీ అయింది. హాయిగా ఉంటది, కాని సర్ది రోజులు తగ్గిస్తది అనడానికి గట్టి సాక్ష్యం, వైద్య ట్రయల్స్‌ను కలిపి తూచే కోక్రేన్ అనే సంస్థ రివ్యూల దొరకలేదు. వేడికి వైరస్ చస్తది అన్నది మాత్రం పూర్తిగా తప్పు, ముక్కు లోపలి తోలు కాలకుండ వైరస్‌ను చంపేంత వేడి పట్టడం కుదరదు. నష్టం ఇంకో దిక్కు నుంచి వస్తది, దుప్పటి కింద పిల్లగాడు కాలు కదిలిస్తడు, గిన్నె ఒళ్లో ఒలుకుతది. చిన్నపిల్లలకు గిన్నె ఆవిరి వద్దు అని డాక్టర్లు చెప్పేది ఆ కాలిన కేసులు చూసే.

బామ్ రాస్తే ముక్కు తెరుచుకున్నట్టు ఉండడానికి కారణం మెంథాల్. ఇది చల్లదనాన్ని గుర్తుపట్టే రిసెప్టర్‌ను తట్టి మెదడుకు గాలి బాగా పోతున్నది అని చెప్తది, ముక్కుల వాపు మాత్రం వాపు లెక్కనే ఉంటది. పెద్దోళ్లకు దీనితోటి నష్టం లేదు, నిద్ర పడితే మంచిదే. రెండేండ్ల లోపు పిల్లలకు మాత్రం బామ్ రాయొద్దని డబ్బా మీదనే రాసి ఉంటది.

కర్పూరం దీనికంటే పెద్ద సమస్య. ఓమ, హారతి కర్పూరం గుడ్డల మూట కట్టి చంటిపిల్ల అంగీకి పిన్నుతోటి పెట్టుడు, కొబ్బరినూనెల కర్పూరం కరిగించి ఛాతికి రుద్దుడు మస్తు ఇండ్లల్ల ఉన్నది. కర్పూరం తోలు నుంచి, ముక్కు నుంచి, నోటి నుంచి ఏడికెల్లి అయినా రక్తంలకు తొందరగా పోతది, చిన్నపిల్లల్ల కొన్ని నిమిషాలల్లనే ఫిట్స్ తెప్పిస్తది. మూట నోట్ల పెట్టుకొని చప్పరించే వయసు పిల్లకు ఆ మూటనే కట్టుడు ఎట్లా ఉన్నదో వేరే చెప్పక్కర్లేదు. అమెరికాల ఒంటికి రాసే మందులల్ల కర్పూరం 11 శాతం మించొద్దని 1980లల్లనే రూల్ పెట్టిండ్రు. హారతి బిళ్ల అంటే దాదాపు మొత్తం కర్పూరమే.

గాయంల పసుపు

వరి కోతల కొడవలి తెగినా, వంటింట్ల కత్తిపీట తెగినా ముందు చెయ్యి పోయేది పసుపు డబ్బా మీదికే. పసుపు లేకపోతే కాఫీ పొడి, బీడీలు చేసే ఇండ్లల్ల అయితే చాటల ఉన్న తంబాకు. పొలం గట్టు మీద అయితే గడ్డిచేమంతి ఆకు నలిపి పసరు పిండుతరు, ఒకప్పుడు పలకలు తుడిచిన ఆకే ఇది. రక్తం ఆగుతది కూడా. ఎందుకు ఆగుతది అన్నదే ప్రశ్న. పొడి వేసినంక ఎవ్వరైనా దాన్ని వేలితోటి గట్టిగా అదిమి పట్టుకుంటరు, పైన గుడ్డ కడతరు. ఆ అదుముడు తోటే చిన్న రక్తనాళాలు మూసుకుంటయి, ఐదు పది నిమిషాలల్ల గడ్డ కడుతది. పొడి లేకుండ ఉతికిన గుడ్డతోటి అంతే సేపు అదిమినా అంతే పని అయితది.

పసుపు గాయాన్ని మాన్పుతది అన్నది మాత్రం కొట్టిపారేసేది కాదు. 1995ల అమెరికా పేటెంట్ ఆఫీసు పసుపుతోటి గాయం మాన్పే పద్ధతికి మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు పేటెంట్ ఇస్తే, మన కేంద్ర సర్కారు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సంస్కృత గ్రంథాలు, పాత జర్నల్ కాగితాలు పట్టుకపోయి ఇది మా ఇండ్లల్ల ఎప్పటి నుంచో ఉన్నదని కొట్లాడితే 1997ల రద్దు చేసిండ్రు. ఆ కేసుల తేలింది పసుపు వాడకం పాతది అని, మన పోపుడబ్బాల పసుపు శుభ్రమైంది అని కాదు. గిర్నీల పట్టించిన పొడిల మట్టి, బ్యాక్టీరియా బీజాలు ఉంటయి. ల్యాబ్‌ల కర్క్యుమిన్ బ్యాక్టీరియాను ఆపుతది, కాని అది కరిగి ఉన్నప్పుడు. తడి గాయంల పొడి ముద్ద కట్టి కూసుంటది, కింద చీము పట్టినా పైకి పచ్చగనే కనిపిస్తది. తర్వాత కుట్లు వేయాల్సి వస్తే దవాఖానల నర్సు సెలైన్ తోటి ఆ ముద్దనంతా కడిగి గీకాలె, అప్పుడు మళ్లీ రక్తం, మళ్లీ నొప్పి.

తంబాకు, పెండ, మట్టి, సాలెగూడు ఇంకో మెట్టు పైన. ధనుర్వాతం బీజాలు ఉండేది మట్టిల, పశువుల పెండల. లోతుగా తెగి మూసుకపోయిన గాయంల గాలి ఆడదు, ఆ బీజాలకు కావాల్సింది కూడా అదే. బొడ్డుకు పెండ, బూడిద రాసే అలవాటు తగ్గి, తల్లులకు టీటీ సూదులు అంది, కాన్పులు దవాఖానలల్ల జరగబట్టే 2015ల మన దేశంల బాలింతలల్ల, పసిపిల్లలల్ల ధనుర్వాతం పెద్ద సమస్యగా లేకుండ పోయిందని డబ్ల్యూహెచ్ఓ ప్రకటించింది. గాయాన్ని ముందు ధారగా నీళ్లు, సబ్బు తోటి కడిగి, అదిమి పట్టి, ఉతికిన గుడ్డ కట్టుడు. మాసిన గాయం అయితే, ఐదేండ్లుగా టీటీ సూది లేకపోతే పీహెచ్‌సీల సూది. పసుపు ఆ రోజు కూరల వేసుకుంటే సరిపోతది.

కాలినా, బెణికినా

కాలిన చోట టూత్‌పేస్టు, ఇంకు, కోడిగుడ్డు సొన, దోసపిండి, ఏది దొరికితే అది. పేస్టు చల్లగా అనిపించేది మళ్లీ ఆ మెంథాల్ వల్లనే. తోలు కింద వేడి ఇంకా మిగిలి ఉంటది, పొయ్యి నుంచి చెయ్యి తీసినంక కూడా లోపల కండ ఉడుకుతనే ఉంటది. ఆ వేడిని బయటికి లాగేది పారే నీళ్లు, 20 నిమిషాలు నల్లా కింద పెట్టాలె. ఐస్ పెడితే రక్తనాళాలు ముడుచుకొని ఇంకా చెడుపు. పేస్టు పూస్తే వేడి లోపలనే ఆగుతది, కాలింది ఎంత లోతో డాక్టర్‌కు కనిపియ్యదు.

బెణుకుకు పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తరు, కలపంగనే ఎర్రగా అయితది. దిష్టి తీసే ఎర్రనీళ్లల్ల జరిగేది కూడా ఇదే, క్షారం తగిలితే కర్క్యుమిన్ రంగు మారుతది. ఎరుపుల మహిమ లేదు, ఆరినంక ఆ పట్టు బిగుసుకొని కాలు కదలనియ్యదు, పని చేసేది ఆ బిగుపు. సున్నం ఎక్కువైతే తోలు పొక్కుతది. వావిలాకు వేడి చేసి కాపడం పెట్టుడు మంచిదే గాని మొదటి రెండు రోజులు వద్దు, వాపు పెరుగుతది, అప్పుడు చల్లటి గుడ్డ. దెబ్బ తాకిన కాలు మీద నాలుగు అడుగులు వేయలేకపోతే అది బెణుకు అనుకొని కట్టు వైద్యం దగ్గరికి పోకుండ ముందు ఎక్స్‌రే తీయించాలె. దవాఖానలల్ల చీలమండ దెబ్బకు ఎక్స్‌రే కావాలా వద్దా అని చూసే రూల్‌ల ఈ నాలుగు అడుగుల లెక్క కూడా ఉంటది.

కందిరీగ కుట్టిన చోట సున్నం రాస్తే యాసిడ్ విరుగుతది అంటరు. విషం సూది లెక్క తోలు కిందికి పోయింది, అందుల పని చేసేది ప్రొటీన్లు, పైన రాసిన సున్నం అక్కడికి పోదు. తేలు కుట్టినప్పుడు పిల్లలకు చెమటలు పట్టి, కాళ్లు చేతులు చల్లబడితే ఉల్లిగడ్డ రుద్దుకుంట కూసోవద్దు, అది గుండె మీదికి పోతున్నట్టు గుర్తు, 108కు ఫోన్ చేయాలె.

కుక్క కరిస్తే

వీధి కుక్కల బెడద ఎక్కువైనంక ఇది చిన్న గాయాల లెక్కల కలిసిపోయింది, కలవకూడదు. కరిచిన చోట కారం దట్టిస్తరు, సున్నం పెడతరు, మండితే విషం చస్తున్నది అనుకుంటరు. కారం కండను చీరి వైరస్‌ను నరాల కొసలకు ఇంకా దగ్గర చేస్తది, పైగా ఎవ్వరూ కడగరు. రేబిస్ వైరస్ పైన కొవ్వు పొర ఉంటది, సబ్బు ఆ పొరను చీల్చేస్తది, అందుకే 15 నిమిషాలు సబ్బు, ధారగా నీళ్లు అనేది ఉత్త శుభ్రత కోసం కాదు, అదే మొదటి మందు. తర్వాత వ్యాక్సిన్ అదే రోజు, మళ్లీ 3, 7, 28వ రోజుల్ల, సర్కారు దవాఖానల ఫ్రీ. రక్తం వచ్చేటట్టు కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల సూది) కూడా ఇస్తరు. లక్షణాలు మొదలైనంక రేబిస్‌కు మందు లేదు. ఇంటి మందుల చర్చల మంచి, చెడు రెండూ తూచి చూడాల్సినవి మస్తు ఉన్నయి, ఇది అందుల లేదు.

కషాయం వెనుక దాక్కునే దగ్గులు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి సీజన్‌ల గేటు దగ్గరనే దగ్గు మొదలైతది. హమాలీలు ముక్కుకు రుమాలు బిగించుకొని బస్తాలు దింపుతుంటే తేజ మిర్చి ఘాటు గాలిల తేలుతనే ఉంటది. దగ్గు మీద రీసెర్చ్ చేసేటోళ్లు మనుషులకు దగ్గు తెప్పించడానికి వాడేది కూడా మిరపల ఉండే ఈ క్యాప్సైసిన్‌నే. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఇంట్ల కూసొని బీడీలు చుట్టే ఆడోళ్లకు తంబాకు దుమ్ము, భూపాలపల్లి, గోదావరిఖనిల బొగ్గు దుమ్ము, జిన్నింగ్ మిల్లులల్ల పత్తి దూది. ఈ దగ్గులకు వైరస్‌తోటి పని లేదు, వారం పది రోజుల లెక్క వర్తించదు. దుమ్ము ఆగనిది దగ్గు ఆగదు, కషాయం తాగిన పూట గొంతు తడుస్తది, తెల్లారి మళ్లీ అదే చాట ముందు కూసుంటరు.

అసలు ప్రమాదం ఈడనే. ఏండ్ల తరబడి దగ్గుకుంట బతికేటోళ్లకు టీబీ దగ్గు కూడా మామూలు దగ్గు లెక్కనే అనిపిస్తది, శొంఠి తోటి, తేనె తోటి నెలలు గడుస్తయి, ఆ లోపట ఇంట్ల ఇంకొకరికి అంటుకుంటది. టీబీ ప్రోగ్రాంల రూల్ రెండు వారాలు: అంతకు మించిన దగ్గు అయితే తెమడ పరీక్ష చేయించాలె. సాయంత్రం పూట జరం, బరువు తగ్గుడు, గల్లల రక్తం కనిపిస్తే రెండు వారాలు కూడా ఆగే పని లేదు. పరీక్ష, మందులు సర్కారు దవాఖానల ఫ్రీగనే ఇస్తరు.

చిన్నపిల్లల్ల చూడాల్సింది దగ్గు సప్పుడు కాదు, ఊపిరి. రెండు నెలల లోపు పిల్ల నిమిషానికి 60 సార్లు, ఏడాది లోపు పిల్ల 50 సార్లు, ఐదేండ్ల లోపు పిల్ల 40 సార్లు, లేదా అంతకు ఎక్కువ ఊపిరి తీస్తుంటే, డొక్కలు లోపలికి గుంజుకపోతుంటే అది నిమోనియా కావొచ్చు. ఫోన్‌ల టైం పెట్టుకొని నిండా ఒక నిమిషం పిల్ల పొట్ట మీద చూపు పెట్టి లెక్కపెడితే చాలు, ఆశా వర్కర్లు ఇంటికొచ్చినప్పుడు చేసేది కూడా ఇదే.

ఇగ ముందు ఏమైతది

సిరప్ భయం తోటి కంపెనీలు కూడా దారి మార్చుకుంటున్నయి. అవే గాజు సీసాలు, అవే రంగులు, పైన మాత్రం తులసి, తేనె, అడ్డసరం బొమ్మలు, ఆయుర్వేదిక్ అని పెద్ద అక్షరాలు. షాపుల చీటీ లేకుండ ఇస్తరు, తల్లులు కూడా ఆయుర్వేదం కదా అని ఆరు నెలల పిల్లకు కొలత లేకుండ పోస్తరు. ఆయుర్వేదం చదివిన డాక్టర్ అయితే వయసు, బరువు చూసి డోసు రాస్తడు, వరంగల్‌ల అనంతలక్ష్మి ఆయుర్వేద కాలేజీ ఉన్నది కూడా ఆ చదువు కోసమే. సీసా మీద బొమ్మకు అంత చదువు ఉండదు. ఆ సీసాలల్ల చానా వాటిల తేనె ఉంటది, ఏడాది లోపు పిల్లలకు వద్దన్నది అదే తేనె. కొనేటప్పుడు బొమ్మను వదిలిపెట్టి సీసా వెనుక సన్న అక్షరాలల్ల ఏమేం కలిపిండ్రు, ఎన్నేండ్ల పిల్లల నుంచి వాడమన్నరు అన్న రెండు లైన్లు చదవాలె, రెండో లైను లేని సీసా అయితే షాపాయనకే తిరిగి ఇయ్యాలె.